సెంటున్నర

నేను కాగితం పరిచేలోపే
కుళ్ళాయమ్మ చెనిక్కాయల గంప పక్కకు జరిపి
నేల మీద కూర్చొని
అద్దె ఇండ్లు లెక్కబెట్టింది. పదకొండు.

"పాత గుంతకల్లులో కొంప, పొగ పోయే దోవ ల్యా.
రైలుకట్ట ఎనకాల రేకుల కొట్టం, ఎండాకాలం పెనమే.
ఇంగొకదాంట్లో పోసుకున్న నీళ్ళు పొయ్యి కాడికే వచ్చేవి.
ఇయ్యి లేకుంటే సాలు పాపా.
మిగతాది నీ సదువు."

పాలిటెక్నిక్‌లో మూడేండ్లు
ఎవరూ చెప్పని పాఠం అది.

కసాపురం పోయే దోవలో సెంటున్నర.
పట్టా వచ్చింది, కొళాయి రాలేదు.
కరెంటు స్తంభం మూడు మలుపుల అవతలే నిలబడిపోయింది.
అందుకే గోడల కంటే ముందు కప్పు గీసినా.

పన్నెండడుగులు, పద్నాలుగడుగులు.
దాని మీద ఏడాదంతా కురిసే మా సీమ వాన,
ఆవిరయ్యేది పోను, మొదటి జల్లు కడుక్కుపోయేది పోను
ఏడు వేల లీటర్లు.
రోజుకు బిందెన్నర.

శేరుతో కొలిచినట్టు గాల్లో చెయ్యి ఊపింది.
"తాగను, వండను సరే. పోసుకోను?"
వాకిట్లో బండలు వాలుగా పరుస్తా,
రెండో గుంత తవ్వుదాం,
పోసుకున్న నీళ్ళు మునగచెట్టుకు, అన్నా.
"మునక్కాయ నాకు" అనేసింది.

వాళ్ళ అవ్వ జొన్నలు దాచిన పాతర లెక్కనే
నేలలో గుండ్రంగా రెండు గుంతలు, లోపల సున్నపు గార.
తవ్విన మట్టే గోడలైంది.
గోడల కాడ బేల్దారి కాశింవలితో పేచీ:
"అడుగున్నర మందమైతే మనిషికి చోటేది మేడం?"
చోటు తగ్గితే ఎండా తగ్గుతాది, అన్నా.
ఆయన నాకేం చెప్పకుండా
గోడ మింగిన చోటును గూళ్ళుగా తిరిగి లాక్కున్నాడు,
బియ్యానికి, చీరలకు, దీపానికి,
తక్కెడ పడుకునేందుకు వేరే ఒకటి.

దూలాలు, ఎప్పుడో పీకేసిన మీటర్‌గేజి పట్టాలు,
పాత ఇనుపంగట్లో తూకానికి కొన్నవి.
కుళ్ళాయమ్మ ఒకదాన్ని తట్టి చూసి
"ఇది బళ్ళారికి పోయేది" అంది, తెలిసినట్టే.
పైన తాడిపత్రి బండలు. బెల్లం, కరక్కాయ కలిపిన సున్నం.
పొగకూ వెలుతురుకూ ఒకటే గవాచి,
వానొస్తే బోర్లించను ఒక చట్టి.
పక్కన చాపంత సోలార్ పలక,
రెండు బల్బులు, ఒక ఫ్యాను.

పాలు పొంగిన రోజు
నేను తీగలు చూపిస్తాంటే ఆమె వినలేదు.
సుత్తి అడిగింది.
పదకొండు ఇండ్ల ఓనర్లూ
మొదటి రోజే చెప్పిన మాట ఒకటే,
గోడకు మేకు కొట్టొద్దు.

తలుపు పక్కన, కంటి ఎత్తున,
మూడు దెబ్బలు.
మట్టి కొంచెం రాలింది.
కాశింవలి మొహం తిప్పుకున్నాడు.
ఆ మేకుకు ఏమీ తగిలించలేదు.

రోహిణి పోయింది. మృగశిర సగమైంది.
గుంతల్లో సున్నం వాసన తప్ప ఏమీ లేదు.
ట్యాంకరు రెండుసార్లు వచ్చి పోయింది.
ఫోన్ చేసింది:
"ఇల్లు సల్లగుండాది పాపా.
వానను కాగితంలో యాడ గీసినావో
అదొక్కటే దొరకల్యా."

పటం మళ్ళీ తీసినా.
కప్పు మీద నేను పెట్టిన బాణం గుర్తులు,
నీళ్ళు ఇటు, ఇటు, ఇటు.
బాణాలు మొదలైన చోటికి పైన
ఉత్త కాగితం.

ఆదివారం పోతే తలుపుకు తాళం.
హుబ్లీ బండి ఎక్కిందంట.
మునగ మొక్కకు మూడాకులు.
కిటికీలోంచి చూసినా,
మేకుకు గొడుగు.
కొత్తది. ధర చీటీ
ఇంకా ఊడలేదు.