అరవై ఆరు డిగ్రీలు

బార్లీ మూడు కిలోలు, చోళ్ళు ఒకటి.
చోళ్ళు రాయగడ సంతలో కావలసినన్ని,
బార్లీకి మాత్రం లారీ దండాసిని బతిమాలాను.
బరంపురం నుంచి మూట దించుతూ
"గుర్రానికా బావా?" అన్నాడు.
గుర్రానికేరా, అన్నాను.

రాత్రి నానేసి, తడి గోనెలో చుట్టి
మూడోనాడు విప్పితే
గింజగింజకీ తెల్లటి పిలక.
పాలపళ్ళొస్తున్న పిల్లాడి నోరులా ఉంది గోనె.
సరిగ్గా అప్పుడే చంపాలి దాన్ని, ఎండలో పరిచి.
ఇంకో రోజు బతకనిస్తే
లోపలి తీపంతా మొలకే తినేస్తుంది.

కొంత తీసి ఇనపమూకుట్లో వేపాను.
శ్రావణంలో నాగావళి రంగొకటి ఉంటుంది,
ఎర్ర కొండలు కరిగి దిగొచ్చే రంగు.
అక్కడికి రాగానే దించెయ్యాలి.
పైడితల్లి వంటింట్లోంచి "మాడుతోంది" అంది.
కాసేపాగి, నాకు వినపడదనుకుని,
"బాగుంది" అని కూడా అంది.

కాగితం మిల్లులో ముప్పై ఒక్క ఏళ్ళు
బాయిలరు ముందు నిలబడ్డవాణ్ణి.
ముల్లు ఎరుపువైపు జరిగితే
ముందు నా వీపుకి తెలిసేది, తరవాత కంటికి.
ఇప్పుడు డేక్సా ముందు పీట వేసుకుని
అరవై ఆరు డిగ్రీలకి కాపలా.
డెబ్భై దాటితే పిండిని తీపి చేసే పనివాళ్ళు
గింజలోనే చచ్చిపోతారు,
యాభైకి దిగితే నిద్రపోతారు.
గంటసేపు. సన్నటి మంట, పైన పాత దుప్పటి.
పింఛనొచ్చాక ఇదే నా మొదటి డ్యూటీ.

పార్సిల్లో వచ్చిన హాప్స్ ఆకుపచ్చగా,
మేకపెంటికలంతేసి.
నలిపితే నారింజ తొక్క, తడి గడ్డి,
ఇంకా ఏదో, చలికి వాసనుంటే అది.
నేను చూడని తీగ, చూడని దేశం పువ్వు.
మరుగు పట్టగానే ఒక గుప్పెడు, చేదుకి.
దించేముందు ఇంకో గుప్పెడు, వాసనకి.
వీధి మొత్తం కిటికీలు తెరుచుకున్నాయి.

అన్నీ చేశాను. పొట్లంలోని ఈస్టు మాత్రం
దారిలోనే ఎండకి పోయినట్టుంది.
రెండు రోజులు డ్రమ్ముకేసి చూశాను.
ఒక్క బుడగ లేదు.
గోడవతల కడ్రక దైమతి నవ్వింది.
మేమిద్దరం సగం ఒడియా, సగం తెలుగు మాట్లాడుకుంటాం,
నవ్వు మాత్రం పూర్తిగా ఆమె భాషే.
కొంగు ముడి విప్పి తెల్లటి బిళ్ళొకటి తీసింది,
వాళ్ళమ్మ చోడి లందాకి వాడిన బిళ్ళలకి కూతురో మనవరాలో.
ఏ వేళ్ళతో చేస్తారని అడిగాను.
"నీకు చెప్తే పన్చెయ్యదు."

తెల్లారి డ్రమ్ముకి చెవి పెడితే వాన,
దూరంగా ఎవరి పెంకుల మీదో.

సీసాల్లో బెల్లం ఒక చెంచా ఎక్కువైంది.
నాలుగో రాత్రి ఒకటి పేలింది.
చెప్పుల్లేకుండా పరిగెత్తాను గాజుపెంకుల మీదికి.
పాత అలవాటు, పేలుడు వినగానే మనుషుల్ని లెక్కపెట్టడం.
నేను. పైడితల్లి.
ఇంట్లో ఉన్నది ఇద్దరమే,
అయినా మూడోపేరు నోటికొచ్చింది, ఘాసీరామ్.
ఆ వాల్వు పోయి పంతొమ్మిదేళ్ళు.
పైడితల్లి ఏమీ అడక్కుండా
నా పాదంలోంచి గాజు తీసింది.
"తీపి వాసనొస్తున్నావు" అంది.

రెండు వారాలకి పెరటి మెట్టు మీద మొదటి గ్లాసు.
దైమతి ఒక గుక్క తాగి మొహం చిట్లించింది.
"మాది కడుపు నింపుతాది. ఇదేటి, ఇంత చేదు?"
చేదు ఉంటే నిలవుంటుంది, అన్నాను చదువుకున్నవాడిలా.
"నిలవెందుకు? రెండోనాటికి వీధంతా తాగేస్తాది గదా."
నా దగ్గర జవాబు లేదు.
పిప్పంతా ఆమె పందిపిల్ల ఎప్పుడో మేసేసింది,
చేదు సంగతి దానికి ఎవరూ చెప్పలేదు.
దైమతి మళ్ళీ గ్లాసు చాపింది.

ఇంకా పదిహేను సీసాలున్నాయి.
తడి గుడ్డ కప్పి ఉంచాను.
వాటి పక్కనే పీట వేసుకుంటాను గానీ
ఒక బారెడు దూరంగా,
వీపు అటు తిప్పి.