మూడో వాన దాకా

తాడిపత్రిలో పదకొండేండ్లు బండలకు పాలీషు పట్టినా, వలీ.
బండకేం,
ఎంత గీకినా అడుగున బండే ఉంటాది.
కారు అట్లా కాదు.
రంగు మీద అద్దం మాదిరి ఒక పొర,
తల ఎంట్రుకంత మందం కూడా ఉండదు.
మెరుపు తెస్తాండామంటే
ఆ పొరను తింటాండామని.
మిషను చేతికి తీసుకునే ముందు
ఇదొక్కటి గుర్తు పెట్టుకో.

మొదట నీళ్లు. గుడ్డ కాదు, నీళ్లు.
బైపాసు దుమ్ము పౌడరు మాదిరి మెత్తగా కనపడతాది,
గుడ్డేసి రుద్దితివా
ప్రతి రవ్వా ఒక సూది.
ట్యాంకరు నీళ్లే పోయాల, ఖర్చైనా సరే.
మన బోరు నీళ్లు ఎండకు ఆరితే
బానెట్టంతా సున్నం చుక్కలు,
పెండ్లికూతురు బుగ్గ మీది చుక్క కాదది.

తర్వాత ఈ ముద్ద.
బంకమట్టి మాదిరి ఉంటాది, మట్టి కాదు.
పట్టాల మీద వచ్చిన బండికి
ఇనపరజను రంగులో దిగబడి ఉంటాది,
కంటికి ఆనదు.
చేతికి పాలిథిన్ కవరు తొడుక్కొని తడుము.
గరగర.
సబ్బునీళ్లు చల్లి ముద్ద తిప్పినాక
మళ్లా తడుము.
ఏమీ జరగనట్టు నున్నగా.

ఇంగ పాత బండ్ల సంగతి.

పోయిన నెల ఒక నీలం కారొచ్చింది,
కంతులు కట్టలేదని కళ్యాణదుర్గం నుంచి
ఫైనాన్సోళ్లు ఈడ్చుకొచ్చినారు.
సీటు కింద రెండు చింతగింజలు,
ఒక జడక్లిప్పు, సగం అరిగిన బలపం.
ఎడమ డోరు మీద, హ్యాండిల్ కింద
రాయితో గీకిన పేరు: హారిక.
మొదట దీర్ఘం మర్చిపోయింది పాప.
మళ్లా గుర్తొచ్చి
హ పక్కన ఇరికించింది.

గోరు పెట్టి చూస్తి.
గోరు ఆగింది.
గోరు ఆగిందంటే గీత పొర దాటిపోయిందని,
ఏ పాలీషుకూ లొంగదు,
డోరంతా మళ్లా రంగెయ్యాల.
"ఆరువేలా? నింపెయ్యప్పా," అన్నాడు శేషఫణి సారు.

నింపేది వెన్న మాదిరి ఉంటాది,
గీతలోకి దిగి కదలకుండా కూర్చుంటాది.
మూడు వానలకు కరిగిపోతాది సారూ అంటే
సారు టీ గ్లాసు కింద పెట్టి నవ్వినాడు:
"అనంతపురంలో మూడు వానలంటే
రెండేండ్లు గ్యారంటీ కదప్పా!"

నేనూ నవ్వినా.
అది కూడా నీకు చెప్పాల.

హ పోయింది. రి పోయింది.
క కొంచేపు మొండికేసింది.
ఆ ఇరికించిన దీర్ఘం
అన్నిటికన్నా చివర్న పోయింది.

కొనేటాయప్ప పేరు కంబగిరి, గార్లదిన్నె.
పదహైదేండ్లు ఊరోళ్ల బండ్లు తోలినాడు,
సొంతానికి ఇదే మొదటిది.
పగలొస్తానంటే సారు సాయంత్రం ఏడుకు రమ్మన్నాడు.
ఎండలో పెడితే సాలెగూడు అల్లినట్టు
సన్నగీతలన్నీ లేచి నిలబడతాయి,
ట్యూబులైటు ఎవుని గుట్టూ బయట పెట్టదు.
ఆయప్ప టైర్లు తన్ని చూసినాడు, ఇంజను చెవి పెట్టి విన్నాడు,
అవి బాగుండాయి, అబద్ధం చెప్పను.
ఆయప్ప పెండ్లాం మాత్రం
ఎడమ డోరు కాడ నిలబడి,
సరిగ్గా ఆ పేరున్న చోటే
మొగం చూసుకొని కొంగు సర్దుకునింది.
"అద్దమున్నట్టుంది," అనింది నాతో.
నేను చేతిలో గుడ్డ పిండుకుంటా ఉంటి.
నాలుగు నిమ్మకాయలు తొక్కించి
తీసుకపోయినారు.

మొన్న రాత్రి పడమట మెరిసింది, చూసినావా?
మా ఈదంతా మిద్దెలెక్కింది.
పిలకాయలు చేతులు చాపి నిలబడిరి,
ముసిలోళ్లు గాలిని వాసన చూస్తాండిరి.
నేను మంచం మీద పడుకోని
గార్లదిన్నె దిక్కు పోవద్దు, పోవద్దు అనుకుంటా ఉంటి.
ఈ ఊర్లో పుట్టి
వానొద్దనుకునేటోడు ఉంటాడా వలీ?
నాలుగు చినుకులు రాలి పోయింది.
లెక్కలోకి రాదులే అనుకుంటి.

సరే,
ఆ గుడ్డ మడత మార్చు.
తుడిచిన పక్కతోనే
మళ్లా తుడవగూడదు.