లేని చుక్క

తరమణిలో కరెంటు పోయి వచ్చిన మధ్యాహ్నం
పలక అడుగున పెన్సిలు గీత గీసి
సన్నని గాజు గొట్టంతో మూడు చుక్కలు పెట్టాను.

మొదటిది, సీసాలో కొన్న శుద్ధ బెర్బెరిన్.
రెండోది, సిచువాన్ నుంచి ఓడెక్కి వచ్చిన వేరు,
కోడికాలి గోళ్లలా ముడులు ముడులుగా.
మూడోది, పారిస్ కార్నర్ వెనక సందులో
కన్నయ్య చెట్టి కొట్టు నుంచి, పొడిగా.
తూకం మీద ఇంకో చిటికెడు వేసే మనిషి.
చీటీ మీద చైనా పేరే ఉంది.
వాసన మాత్రం నేనెరిగినదే.

బ్యూటనాల్ పలక ఎక్కుతోంది,
వానాకాలం చెమ్మ గోడ ఎక్కినట్టు.
దానికి తొందర లేదు.
నాకుంది, ఐదుంబావు బీచ్ రైలు.

ఎళిలరసి అంది, ఆ దేశంలో సామెతట:
మూగవాడు ఈ వేరు నమిలితే
చేదని ఎవరికీ చెప్పుకోలేడని.
నవ్వాను. మూత తీసి పలక ఆరబెట్టాను.

చీకటి పెట్టెలో దీపం వెయ్యగానే
మూడు దారుల్లోనూ ఒకే ఎత్తున
అదే పసుపు, నిమ్మపండు అంటుకున్నట్టు.
ఏ కొండది, ఏ వాన తాగింది,
ఎవరు ఏమని పిలిచారు,
ఆ ఎత్తుకి పట్టదు.

ఏడేళ్లప్పుడు కళ్లకలక వచ్చి రెప్పలు అతుక్కుపోతే
సూళ్లూరుపేట మేనత్త సుగుణమ్మ
మానుపసుపు చెక్క అరగదీసి, వడగట్టి,
ఆ నీళ్లతో విప్పింది.
ముందు కనిపించింది ఆమె ముక్కుపుడక.
తర్వాత వినిపించాయి తిట్లు.

కాని రెండో దారిలో
ఇంకో చిన్న చుక్క వెలుగుతోంది, కాప్టిసిన్.
మూడో దారిలో ఆ చోటు ఖాళీ.
పలక వంచి చూశాను.
కొత్త పలక మీద మళ్లీ పెట్టి చూశాను.
రైలు పోయింది.
ఖాళీయే.

మేనత్త చెక్కే అది, పేరు మార్చుకుని వచ్చింది.
పనిచెయ్యదని నేననలేను.
రిపోర్టు అడిగింది అది కాదు.
గడిలో 'కల్తీ' అని రాశాను,
గుండ్రటి అక్షరాలతో, కొట్టివేత లేకుండా.

రాత్రి పెరుగన్నం కలుపుతుంటే
గ్లవ్ చిరిగిన చోట, బొటనవేలి గోరు పక్కన,
మూడుసార్లు సబ్బు రాసినా పోని పసుపు.

మొదటి ముద్దకే తెలిసింది.
'ఏం, ఉప్పు ఎక్కువైందా?' అన్నాడు మా ఆయన.
తల అడ్డంగా ఊపాను.