మూడు గంటలు

గంటలంటే కాలం కాదక్కా, మోత.
మూడు కొడితే మనుషులు ఎక్కిన్రని.
రెండు కొడితే దించుమని.
ఒక్కటే కొడితే, ఆగి ఉన్నప్పుడు ఎత్తుమని,
నడుస్తున్నప్పుడు ఆపుమని.
ఇరవై ఆరేండ్లు బల్లార్షా బొగ్గుబాయి మీద
నేను మాట్లాడిన భాష ఇంతే.

నువ్వు దొరికింది కాగితం మిల్లు గేటు కాడ,
ఉడకబెట్టి గుజ్జు చేసే రద్దీ మూటల నడుమ.
అట్ట లేదు. మొదటి ముప్పై పేజీలు లేవు.
నీ పేరు ఆ ముప్పైలనే పోయినట్టున్నది,
అందుకే అక్కా అంటున్న.
మరాఠీల ఉన్నవు నువ్వు.
సిరొంచ బడిల ఆ అక్షరాలే దిద్దినోన్ని,
కండ్లతోని మరాఠీ, లోపల తెలుగు,
పేజీకి ఒక రాత్రి పట్టింది.

కాళ్ళు లేవట నీకు, చేతులు లేవట.
మనసొక్కటి తీసి ఇనుముల పెట్టిన్రట
చుక్కల నడుమ ఓడ నడుపుమని.
చదివేటోళ్ళు అబ్బా అనుకుంటరు కావచ్చు.
నాకు మా ఇంజను రూము యాదికొచ్చింది.

ఒక కుర్చీ. ఎడమ చేతికి బ్రేకు, కుడి చేతికి లీవరు.
ఎదురుంగ గడియారమసొంటి బిళ్ళ మీద ముల్లు,
పంజరం ఎంత లోతుల ఉన్నదో అదే చెప్పాలె.
మనుషులు కనబడరు.
ముక్కు దురద పెట్టినా గోక్కోరాదు.
రెండు వందల పది మీటర్ల తాడు,
దాని కొసకు పద్నాలుగు మంది.
ఎవడు తాగొచ్చిండో, ఎవడు కొత్తోడో
తాడు వణుకు నా మడిమెలకు చెప్పేది.
నమ్మకపోతే పో. నువ్వైతే నమ్ముతవు.

ఆషాఢంల ఒకనాడు కరెంటు పోయింది.
ముల్లు నూట ముప్పై మీద ఆగింది.
బ్రేకు తనంతల తానే పడ్డది,
ఇగ చెయ్యి తియ్యొచ్చు, రూలు అట్లనే ఉన్నది.
తియ్యలేదు.
తీస్తే కింద వాళ్ళకు తెలుస్తదనిపించింది.
పంజరంల మా బామ్మర్ది గోమాస రాజలింగు ఉండె,
గెట్టు కాడి రెండు జానల జాగ కోసం
నా మీద పంచాయితి పెట్టినోడు.
వాని బరువు ఏదో విడిగ తెలువలేదు.
పద్నాలుగు మందీ ఒక్క బరువే ఉండిరి.

కరెంటొచ్చేసరికి తెల్లారవట్టె.
పైకొచ్చిన్రు, నల్లగ, నోరు మెదపకుంట
సీదా విఠాబాయి చాయ్ బండి కాడికి పోయిన్రు.
ఎవడూ నా కిటికీ దిక్కు చూడలే.
నూట నలభయ్యో పేజీల నీ ఓడ దిగినోళ్ళు గూడ అంతే గదా,
అక్కడ పొగాకు ముక్క మడిచి పెట్టుకున్న గుర్తుకు.

దీపాల రూము వనమాలతాయి
పద్నాలుగు దీపాలు లెక్కబెట్టి గూట్ల పెట్టి,
పదిహేనోది చేతికి తీసుకొని
నా అద్దం మీద ఒక్కసారి వెలిగించింది.
ఒక్కసారి.
ఆగుమన్నదా, ఎత్తుమన్నదా?
అడుగుదామంటే తర్వాత బదిలీ అయి రాజురా పోయింది.

ఇప్పుడు బాయి మూసిన్రు. నీళ్ళు నిండినయి.
తాడు చుట్టే డ్రమ్మును గ్యాసుతోని కోసి
కిలోల లెక్కన అమ్మిన్రు.
నీ కథ చివర గూడ చినిగే ఉన్నది,
దిగినవో లేదో తెలువది.
ఎక్కడికి దిగుతవు గని, దేహం లేనిదానివి.

రాత్రి నిద్రల నా ఎడమ చెయ్యి
లచ్చుబాయి భుజాన్ని గట్టిగ పట్టుకుంటదట.
మొదట్ల తిట్టేది. పండనియ్యవా అని లేచి కూసునేది.
ఇప్పుడు కండ్లు గూడ తెరువది,
మంచం పట్టె మీద వేలి కణుపుతోని కొడుతది.

టక్. టక్. టక్.