నూగు తూకం

మే నెల. చిత్తూరులో
ఫ్యాను కింద పడుకున్నా వీపు తడిసే రాత్రులు.
నేనేమో చలికి బేరమాడతా ఉండా.

జూన్ ఆఖర్న హిమాచల్‌లో ఒక కనుమ దాటాలి.
నలభై ఆరేళ్లకు ఎందుకు మే ఇదంతా అని అడిగినోళ్లకు
మోకాళ్లు బాగుండాయి కదా అని చెప్పినా.
అసలు సంగతి చెప్పలేదు:
నా బరువును నా వీపు మీదే ఒకసారి మోసి చూడాలని.

మంచం మీద మూడు పరిచినా.
ఒకటి మా పెద్దమ్మ మొగిలమ్మ కుట్టిన బొంత,
నాలుగు చీరలు, రెండు పంచెలు, ఒక చిరిగిన గొడుగు గుడ్డ.
మూడు కిలోల నూట ఇరవై.
రెండోది నైలాను సంచి, లోపల ప్లాస్టిక్ దూది.
కిలో ఆరొందలు.
మూడోది తిరుపతి నుంచి అద్దెకు తెచ్చింది,
ఎప్పుడూ చూడని ఏదో బాతు రొమ్ము మీది నూగు.
నొక్కితే సొరకాయంత. వదిలితే పడక.

బెల్లం మండీలో కాటా గుమస్తాని నేను.
పద్నాలుగేళ్లుగా ఒకరి తీపిని ఇంకొకరికి తూచి రాసేదాన్ని,
గోనెసంచి బరువు తీసేసి నికరం చెప్పేదాన్ని.
ఇప్పుడు ఆ తీసేసే సంచే నాకు సరుకు.

పెద్ద కాటా మీద పెడితే
దానికి ఏమీ పెట్టినట్టే అనిపించలేదు.
సున్నా దగ్గరే నిలబడింది.
పక్కన మిరియాల అంగడి చిన్న కాటా చెప్పింది:
తొమ్మిదొందల పది.
యాభై కిలోల బుట్ట మెడ మీద పెట్టుకుని పోతా
హమాలీ గుణశేఖరం ఆగినాడు.
"ఏమక్కా, అరకిలోకి ఇంత ఆలోచనా?"
నవ్వినాడు. నేనూ నవ్వినా.
వాడు మలుపు తిరిగినాక నవ్వు రాలేదు.

అద్దెకిచ్చిన పిల్లోడు చెప్పినాడు:
సున్నాకు పది కింద దాకా తట్టుకుంటుంది.
తట్టుకోవడమంటే నిద్ర పడతాదా, ప్రాణం నిలుస్తాదా?
కాసేపు నేల చూసి అన్నాడు,
"రెండోదానికే గ్యారెంటీ అక్కా."

పరుపులు కుట్టే దూదేకుల మస్తానమ్మ
సంచిని చెవి దగ్గర పెట్టుకుని నలిపింది.
"ఇందులో ఈనెలు ఉండాయి. అన్నీ రొమ్మువి కావు,
రెక్కవీ కలిపినారు దొంగలు."
తడిస్తే? అని అడిగినా.
వానకు తడిసిన నీ బెల్లం చూసినావు కదా, అట్లే ముద్దవుతాది అంది.
"దూదయితే ఆరబెట్టి మళ్లా ఏకుతాను.
దీన్ని ఏకే విల్లు నా దగ్గర లేదు తల్లీ."

సరే, మాటలతో తేలేది కాదు.
మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ ధనకోటిది,
నాకు చిన్నప్పటి క్లాస్‌మేట్.
చల్లగది తలుపు తీసినాడు. లోపల రెండు డిగ్రీలు.
తోతాపురి డ్రమ్ముల నడుమ చాప పరిచి
సంచిలో దూరి జిప్పు లాక్కున్నా.
"తలుపు మూడుసార్లు కొడితే తీస్తా.
నిద్రపోతే మాత్రం నా ఉద్యోగం పోతాది."

మొదట చల్లగానే ఉండింది. మోసపోయినా అనుకున్నా.
మోటారు గొణుగుతా ఉంది. మామిడి వాసనకు కూడా వణుకు పుట్టింది.
పదో నిమిషం కాబోలు,
పొట్ట దగ్గర ఎవరో పొయ్యి ముట్టించినట్టు.
ఎవరూ లేరు.
పక్షి ఎప్పుడో పోయింది. నూగుకు సొంత వేడి లేదు.
నాదే, పొద్దంతా ఎండలో నేను తిట్టుకున్న వేడే,
పట్టి ఉంచి నాకే తిరిగిస్తా ఉండాది,
తరుగు తీయకుండా.

నలభై నిమిషాలకు బయటికొస్తే
చిత్తూరు మొహం మీద ఆవిరి కొట్టింది.
"ఎట్లుండాది?" అన్నాడు ధనకోటి.
బాగుంది. కాళ్లు మాత్రం ఆరిపోయిన బొగ్గులు.

ఇంటికొచ్చి చిట్టా తీసినా.
నూగు సంచి, తొమ్మిదొందల పది.
దాని కింద ఇంకో వరస:
ఉన్ని మేజోళ్లు, రెండు జతలు, నూట నలభై.
బొంత మడత పెట్టి దాని మీదే పడుకున్నా.