కూజా పగలగొట్టేది

రంపానికి నూనె రాసుకుని వచ్చాను.
షిమోనితా దాటి, పొద్దున ఎనిమిదింటికల్లా.
కినుయో గారి పెరట్లో మిగిలిన ఒకే ఒక్క మల్బరీని
మధ్యాహ్నానికి నేలకు దించాలి. బేరం అది.
కొడుకు కారు నిలపడానికి చోటు కావాలట.

చెట్టు కింద మనవరాలు. నగిసా. తొమ్మిదేళ్లు.
మోకాళ్ల మీద సెలవుల నోటుబుక్కు, మెడలో భూతద్దం.
"ఆగండి" అంది, తల తిప్పకుండా.
"నిన్న ఈ కొమ్మకి పదకొండు పుల్లలు.
ఇవాళ పన్నెండు."

చెట్టన్నాక పెరుగుతుంది కదా, అన్నాను.
"రాత్రికి రాత్రి రెండంగుళాలా?"
నా దగ్గర జవాబు లేదు.
రంపాన్ని గోడకి ఆనించాను.

పిల్లది లెక్క ప్రకారం పోయే మనిషి:
పుల్లకి కణుపుండాలి, కణుపు దగ్గర మొగ్గ,
మొగ్గ కింద రాలిన ఆకు తాలూకు మచ్చ.
పన్నెండింటికీ ఉన్నాయి.
పన్నెండింటికీ అదే బూడిదరంగు బెరడు, అదే వాలు,
అక్కడక్కడ అదే నాచు మరక.
వీటిలో అబద్ధమాడేది ఎవరో
చెట్టునడిగినా చెప్పలేదేమో.

"కాళ్లు వెతకాలి" అంది.
ముందు మూడు జతలు, చివర రెండు జతలు, నడుమ ఖాళీ.
అందుకే అది జానలు వేస్తూ నడుస్తుంది.
ఒక్క జాన వేసిందా, దొరికిపోతుంది.
వేయదు.
అరగంట.
సిగరెట్టు వెలిగించి, ఆ పిల్ల చూసిన చూపుకి ఆర్పేశాను.

అప్పుడొచ్చారు కినుయో గారు, గోడ తడుముకుంటూ.
రెండు కళ్లలోనూ పొర.
బూట్ల చప్పుడుతో నన్ను పోల్చుకుని "టీ తాగావా?" అన్నారు,
అని తనే నవ్వారు, టీ మాటకి ఏదో గుర్తొచ్చి.
మామగారు తోకుజి ఒకనాడు తోటలో
మట్టి కూజాని ఇలాంటి పుల్లకే తగిలించారట.
పుల్ల వంగిపోయింది. కూజా మూడు ముక్కలు.
మా వైపు దాని పేరే అది: కూజా పగలగొట్టేది.
"కూజా పోయినందుకు కాదయ్యా,
పురుగు చేతిలో మోసపోయానని
ఆ ఏడాదంతా ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు."

తర్వాత చెయ్యి చాచారు.
ఇరవై ఆరేళ్లు పట్టుపురుగుల్ని
'గారు' అని పిలుస్తూ ఎత్తి దించిన వేళ్లు.
కొమ్మ మొదట్నుంచి కొసదాకా,
చిక్కు పడిన జుట్టులో పోనిచ్చినట్టు, నెమ్మదిగా.
పుల్ల. పుల్ల. పుల్ల.
"ఇది మెత్తన. ఇదే."
పై కొమ్మ మీద ఇంకో రెండు,
నగిసా లెక్కలోకే రానివి.

ఎంత బాగా కట్టినా అది కళ్ల కోసం కట్టిన వేషం.
చూసేవాళ్లు లేని చోట
వేషగాడు ఒట్టి ఒళ్లు.

పట్టుబడ్డాక కూడా అది పుల్లగానే నిలబడింది.
మొండితనమో, ఏమీ తెలియదో.
నగిసా భూతద్దం దగ్గరగా పెట్టింది. "దారం!" అంది.
నోటి నుంచి కొమ్మకి, ఎండలో మెరిసి మాయమయ్యే ఒక పోగు.
ఇంతసేపూ వెనక్కి వాలిన ఆ ఒళ్లంతా
దాన్ని పట్టుకునే ఉంది.
"అదీ పట్టే" అన్నారు కినుయో గారు.
"ఎవరూ కొనని పట్టు."

రెండింటిని కోళ్లకి వేశారు.
చిన్నప్పటి నుంచీ వేస్తున్నదేనట.
పిల్ల ఏడవలేదు. నోటుబుక్కులో రాసుకుంది:
మొత్తం మూడు. కోళ్లకి రెండు.

మాట మాటే. చెట్టు కొట్టాను.
ఆ ఒక్క కొమ్మని మాత్రం బకెట్టు నీళ్లలో నిలబెట్టి
పన్నెండు పుల్లలతో సహా నగిసాకిచ్చాను.
కూలి తగ్గించలేదు, వాళ్లూ అడగలేదు.

ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఇదే పని.
ఎన్ని చెట్లో, ఎన్ని పుల్లలో, లెక్క పెట్టినవాణ్ణి కాను.
ఇంటికి వస్తుంటే, వంతెన మీద, గుర్తొచ్చాయి:
కత్తెరకి చప్పుడు లేకుండా, మెత్తగా తెగినవి కొన్ని.

పచ్చివి అనుకున్నాను.