నలుపు కుదరని పూట

రాజోలు సెంటర్లో కరెంటొచ్చి పది నిమిషాలు.
ప్రింటరు గొంతు సవరించుకుని
నిగనిగలాడే కాగితం మీదికి
ఎనభై ఆరు వరదని
గీత గీతగా దించుతోంది.

నల్ల సిరా ఒక్కటే వాడమంటే వినదు,
మూడు రంగులూ కలిపి ఇదే నలుపంటుంది.
మొదటిది పచ్చబారింది,
తోటకూర ఉడికిన నీళ్ళలా.
రెండోది వాలుగా పట్టుకుంటే
నీడల్లో ఇత్తడి మెరుపు.
పైగా ఈ ముసురుకి ఆరి చావదు,
పడవ అంచు నా బొటనవేలికి అంటుకొచ్చింది.

మూడోదాన్ని చించబోతుంటే
లంక నించొచ్చిన పంపన ఆదెమ్మ
చెయ్యి అడ్డం పెట్టింది.
"ఆయ్, ఉండండి బాబూ.
నీళ్ళు ఎర్రగా పడ్డాయనేగా?
ఆ రోజు ఎర్రగానే ఉన్నాయండి.
ఫోటోలో కొచ్చాకే తెల్లబోయాయి."

సిరా ఆరని చేత్తోనే
యాభై నోటు అందుకున్నాను.